గళ్లు కలిపిన పట్టికలు: వర్డా, లేటెక్కా, టిప్స్టా, ఇన్‌డిజైనా?

మామూలు పట్టిక వేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది. నాలుగు కాలమ్‌లు, పది వరుసలు, చుట్టూ గీతలు, అంతే. చిక్కు మొదలయ్యేది గళ్లు కలపాల్సి వచ్చినప్పుడు. పై హెడింగ్ రెండు కాలమ్‌ల మీద పరుచుకోవాలి, ఎడమ పక్క పేరు మూడు వరుసలకి కలిపి ఒక్కటే ఉండాలి, కొన్ని గీతలు సగం దాకా వచ్చి ఆగిపోవాలి. మనం ఎంచుకున్న పనిముట్టు సత్తా అక్కడ బయటపడుతుంది.

విక్రమ సింహపురి యూనివర్సిటీకి థీసిస్ రాసేవాళ్లు, వ్యవసాయ నివేదికలు తయారుచేసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో రేట్ల పట్టికలు కొట్టేవాళ్లు, నెల్లూరు, ఒంగోలు డీటీపీ సెంటర్లలో పనిచేసేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "దేంట్లో చేస్తే గొడవ లేకుండా అయిపోతుంది?" అందరికీ ఒకే జవాబు లేదు. పట్టిక పేజీ దాటుతుందా, మీ తర్వాత దాన్ని ఎవరు దిద్దుతారు అన్న రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం కోసం ఈ వ్యాసం. వర్డ్ అందరికీ తెలిసిందే. లేటెక్, టిప్స్ట్ అంటే మాటలతో పాటు కమాండ్లు రాసిస్తే పేజీని కూర్చిపెట్టే వ్యవస్థలు, ఇన్‌డిజైన్ ప్రెస్సుకి వెళ్లే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్.

## ముందు ఒక పరీక్ష పట్టిక

అన్నిటినీ ఒకే పట్టికతో తూచి చూద్దాం. నెల్లూరు జిల్లా వరి సాగు పట్టిక అనుకోండి. మొదటి కాలమ్ "ప్రాంతం". అందులో "డెల్టా" అనే గడి కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వరుసలు మూడింటికీ కలిపి ఒకటి. "మెట్ట" అనే గడి ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వరుసలకి కలిపి ఇంకొకటి. రెండో కాలమ్ "మండలం". ఆ తర్వాత "రబీ" అనే హెడింగ్ రెండు కాలమ్‌ల మీద, "ఎడగారు" (రెండో పంట) అనే హెడింగ్ మరో రెండు కాలమ్‌ల మీద. ఒక్కోదాని కింద విస్తీర్ణం ఎకరాల్లో, దిగుబడి పుట్లలో. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, వేరే జిల్లావాళ్లకి ఆ లెక్క తెలియదు కాబట్టి పట్టిక అడుగున ఒక గమనిక కూడా కావాలి.

మొత్తం ఆరు కాలమ్‌లు, రెండు హెడింగ్ వరుసలు. "ప్రాంతం", "మండలం" అనే హెడింగులు కిందికి రెండు వరుసలు, "రబీ", "ఎడగారు" పక్కకి రెండేసి కాలమ్‌లు ఆక్రమిస్తాయి. "రబీ" కింద ఒక చిన్న గీత, "ఎడగారు" కింద ఒక చిన్న గీత, రెండూ ఒకదానికొకటి అంటకూడదు. ఇంత చిన్న పట్టికలోనే రావాల్సిన చిక్కులన్నీ వచ్చేశాయి.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది పేజీ. ఆరు మండలాలతో ఆగితే ఏ బాధా లేదు. జిల్లాలోని మండలాలన్నీ పెడితే పట్టిక రెండో పేజీకి పోతుంది. అప్పుడు రెండు హెడింగ్ వరుసలూ అక్కడ మళ్లీ రావాలి. "డెల్టా" గడి మధ్యలో పేజీ తెగితే ఏమవుతుందో కూడా ముందే తెలియాలి.

రెండోది కలిపిన గడిలో పట్టే మాట పొడుగు. "డెల్టా" అయితే చిన్న మాట. దాని బదులు "పెన్నా డెల్టా కాలువల కింద సాగయ్యే మండలాలు" అని రాస్తే, ఇరుకు కాలమ్‌లో అది ఐదారు లైన్లకి దిగుతుంది, పక్కనున్న మూడు వరుసల ఎత్తు దానికి చాలదు. పనిముట్టు తనంతట తానే వరుసల ఎత్తు పెంచుతుందా, లేక మాట కింది గడి మీద పడిపోతుందా? తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లీషు పట్టికల్లో కనబడని ఈ ఇబ్బంది మనకి అడుగడుగునా తగులుతుంది.

మూడోది గీతలు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పగలగాలి, మందం మార్చగలగాలి, కలిపిన గడి లోపలికి గీత చొరబడకూడదు.

నాలుగోది ఒత్తులు. "విస్తీర్ణం" అనే మాటనే చూడండి. స కింద త ఒత్తు, ర కింద ణ ఒత్తు. రెండూ లైను కిందికి వేలాడతాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతకి తయారైన వరుస ఎత్తులో ఈ ఒత్తులు కింది గీతకి తగులుతాయి. స్క్రీన్ మీద పెద్దగా తెలియదు. ప్రింట్ తీసి, దాన్ని జిరాక్స్ తీస్తే ణ ఒత్తూ గీతా ఒకటైపోయి మసిలా కనబడతాయి.

ఐదోది, చాలామంది పట్టించుకోనిది: ఈ ఫైలుని రేపు ఎవరు తెరుస్తారు? గైడ్ దిద్దుతారా, ఆఫీసులో గుమాస్తా అంకెలు మారుస్తారా, ప్రెస్సువాళ్లు మళ్లీ కొడతారా?

వీటన్నిటికంటే ముందు, అసలు కలపడం అవసరమా అని అడగండి. "డెల్టా" గడిని మూడు వరుసలకి కలిపే బదులు, పట్టిక అడ్డంగా ఒక వరుసంతా వదిలి అందులో "డెల్టా మండలాలు" అని ఉపశీర్షిక పెట్టినా చదివేవాళ్లకి అంతే తెలుస్తుంది. ఒక కాలమ్ మిగులుతుంది, పేజీ ఎక్కడ తెగినా బాధ ఉండదు. వరుసల వైపు కలపడం కంటే ఇది మేలని నా గట్టి అభిప్రాయం. హెడింగుల్లో కాలమ్‌లు కలపడం మాత్రం తప్పదు, అది చదవడానికి నిజంగా సాయపడుతుంది. ఇంకో మాట: అంకెల అసలు ఫైలు ఎక్సెల్‌లో ఉంటే అక్కడ గళ్లు కలపొద్దు. సార్ట్ చేయాలన్నా, ఫిల్టర్ పెట్టాలన్నా కలిపిన గళ్లు అడ్డం తిరుగుతాయి. కలపడం అచ్చుకి వెళ్లే ప్రతిలోనే.

## గీతల సంగతి

మన ఆఫీసు రిజిస్టర్లు, ఖాతా పుస్తకాలు చూసి పెరిగిన కళ్లకి పట్టిక అంటే అన్ని వైపులా గీతలుండాలి. పుస్తకాల అచ్చులో పద్ధతి వేరు. లేటెక్‌లో బుక్‌ట్యాబ్స్ అనే ప్యాకేజీని (లేటెక్‌కి అదనంగా కలుపుకునే కమాండ్ల కట్టని) రూపొందించిన సైమన్ ఫియర్ అందులో రెండు నియమాలు పెట్టారు: నిలువు గీతలు ఎప్పుడూ వాడొద్దు, జంట గీతలు ఎప్పుడూ వాడొద్దు. పైన ఒక మందపు గీత, హెడింగ్ కింద ఒక సన్న గీత, అడుగున ఒక మందపు గీత. "రబీ", "ఎడగారు" లాంటి జంట హెడింగుల కింద చిన్న గీతలు.

తెలుగుకి ఈ పద్ధతి ఇంకా బాగా నప్పుతుంది. గీతలు తగ్గేకొద్దీ ఒత్తులు తగిలే చోట్లు తగ్గుతాయి. పైగా బుక్‌ట్యాబ్స్ ప్రతి గీతకీ పైనా కిందా కాస్త చోటు వదులుతుంది. అయితే యూనివర్సిటీ ఫార్మాట్‌లోనో, ప్రభుత్వ ప్రొఫార్మాలోనో గళ్లన్నిటికీ గీతలు కావాలని అడిగితే అలాగే ఇవ్వాలి, వాదించి లాభం లేదు. అప్పుడు బుక్‌ట్యాబ్స్ వాడకండి. అది గీతల పక్కన వదిలే చోటు వల్ల నిలువు గీతలు ముక్కలు ముక్కలుగా తెగి కనబడతాయి. ఈ రెండు పద్ధతుల్లో మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి, ఎందుకంటే లేటెక్‌లో ఏ ప్యాకేజీ వాడాలో దాన్ని బట్టే ఉంటుంది.

## వర్డ్

చాలామందికి చేతిలో ఉన్నది ఇదే. గళ్లు సెలెక్ట్ చేసి మెర్జ్ సెల్స్ నొక్కితే అయిపోతుంది. కలిపిన గడిలో మాట పెరిగితే వరుసలు వాటంతట అవే పెరుగుతాయి. మన పరీక్ష పట్టికని వర్డ్‌లో ఎవరైనా పావుగంటలో వేసేస్తారు.

తెలుగుకి వర్డ్‌లో రెండు చోట్ల చెయ్యి పెట్టాలి. టేబుల్ ప్రాపర్టీస్‌లో వరుస ఎత్తు "ఎగ్జాక్ట్‌లీ" అని ఉంటే దాన్ని "ఎట్ లీస్ట్" చేయండి. "ఎగ్జాక్ట్‌లీ"లో ఉన్నంతకాలం ఒత్తులు సగానికి తెగిపోతాయి. పేరాగ్రాఫ్ లైన్ స్పేసింగ్‌లో కూడా ఇదే జాగ్రత్త. ఇంకోటి, వర్డ్ తెలుగుని కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద లెక్కేస్తుంది. ఫాంట్ డైలాగ్‌లో దాని ఫాంటు, సైజు విడిగా ఉంటాయి. పైన సైజు మార్చినా తెలుగు అక్షరాలు కదలకపోతే అక్కడ చూడండి.

పేజీ దాటే పట్టికకి హెడింగ్ వరుసలు రెండూ సెలెక్ట్ చేసి రిపీట్ హెడర్ రోస్ పెట్టాలి. మొదటి వరుస ఒక్కదానికే పెడితే "రబీ", "ఎడగారు" వస్తాయి, కింద విస్తీర్ణం, దిగుబడి రావు. పట్టికకి టెక్స్ట్ ర్యాపింగ్ "అరౌండ్" అని ఉంటే హెడింగ్ రిపీట్ అవదు, "నన్" చేయాలి. వరుస మధ్యలో పేజీ తెగకుండా "అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్" టిక్కు తీసేయండి.

వర్డ్ బలహీనత గీతల దగ్గర. పక్క పక్క గళ్లకి గీత ఉమ్మడి కాబట్టి ఒక గడిలో తీసేసింది పక్క గడి వల్ల మళ్లీ కనబడుతుంది. "రబీ" కింది గీతకీ "ఎడగారు" కింది గీతకీ మధ్య ఎడం కావాలంటే వర్డ్‌లో నేరుగా మార్గం లేదు. మధ్యలో సన్నటి ఖాళీ కాలమ్ ఒకటి పెట్టాల్సిందే. ఇరవై పట్టికలున్న థీసిస్‌లో అన్నీ ఒకే తీరుగా ఉంచడం చేతి పని అవుతుంది. చివరి నిమిషంలో గైడ్ "అన్ని పట్టికల గీతలూ కాస్త సన్నం చేయండి" అంటే టెన్షన్ మొదలవుతుంది.

లిబ్రేఆఫీస్ రైటర్ ఉచితం, పై విషయాల్లో దాదాపు వర్డ్ లాంటిదే. ఒక ఫైలుని రెండింటిలో అటూ ఇటూ తెరిచి దిద్దకండి, గీతల మందాలు మారిపోవచ్చు.

## లేటెక్: ఒకటి కాదు, మూడు దారులు

డొనాల్డ్ నూత్ 1970ల చివర్లో టెక్‌ని మొదలుపెట్టారు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో లేటెక్‌ని కట్టారు. గణితం, ఇంజినీరింగ్ పేపర్లు రాసేవాళ్లకి ఇది మామూలే. తెలుగు కావాలంటే మాత్రం పాత పీడీఎఫ్ లేటెక్‌తో కుస్తీ పట్టొద్దు. యూనికోడ్ తెలిసిన లేటెక్ రకాలైన జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ తీసుకుని, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీతో నోటో సెరిఫ్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు పెట్టండి. లువాలేటెక్‌లో అయితే రెండరర్‌గా (అక్షరాలు కూర్చే భాగంగా) హార్ఫ్‌బజ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి.

పాత దారి: మల్టీకాలమ్, మల్టీరో, బుక్‌ట్యాబ్స్. మల్టీకాలమ్ కమాండ్‌కి మూడు విషయాలు చెప్పాలి: ఎన్ని కాలమ్‌లు కలపాలి, మాటని ఎటు సర్దాలి, మాట ఏమిటి. ఈ సర్దుబాటు చెప్పేటప్పుడు ఆ గడికి సంబంధించిన నిలువు గీతల్ని కూడా కొత్తగా చెప్పాలి. మధ్యకి సర్దమని ఒక్క అక్షరం రాసి వదిలేస్తే, ఆ వరుసలో "రబీ" కుడి పక్క గీత మాయమవుతుంది. గీతలన్నీ ఉన్న పట్టికలో ఒక్క చోట గీత లేకపోతే మొదట చూడాల్సింది ఇదే.

ఇంకో సంగతి తెలుగులోనే ఎక్కువ కనబడుతుంది. కలిపిన హెడింగ్ దాని కింది రెండు కాలమ్‌ల మొత్తం వెడల్పు కంటే పొడుగైతే, ఆ ఎక్కువ వెడల్పంతా లేటెక్ చివరి కాలమ్‌కే ఇస్తుంది. "రబీ" బదులు "రబీ సీజన్ సాగు వివరాలు" అని రాసి చూడండి. విస్తీర్ణం కాలమ్ ఇరుగ్గా, దిగుబడి కాలమ్ వెడల్పుగా వస్తుంది. మందు ఏమిటంటే హెడింగ్‌ని రెండు లైన్లుగా విరగ్గొట్టడం, లేకపోతే కాలమ్‌లకి వెడల్పు మనమే ఇవ్వడం.

మల్టీరో వరుసల వైపు కలుపుతుంది, కానీ నిజంగా గళ్లని కలపదు. మొదటి వరుసలో మాట రాసి దాన్ని కిందికి జరుపుతుంది, అంతే. కింది వరుసల్లో ఆ గడిని మనం ఖాళీగా వదలాలి. అందువల్ల రెండు ఇబ్బందులు. మాట మూడు వరుసల ఎత్తుకి మించితే వరుసలు పెరగవు, మాట కింద ఉన్న "మెట్ట" మీదికి వెళ్తుంది. వరుసలకి రంగు వేస్తే, కింది వరుస రంగు పై వరుసలో రాసిన మాటని కప్పేస్తుంది. ఈ రంగు గొడవకి ఒక పాత చిట్కా ఉంది: మాటని చివరి వరుసలో రాసి, వరుసల సంఖ్యకి ముందు మైనస్ పెట్టండి. అప్పుడు మాట పైకి జరుగుతుంది, రంగులన్నీ పడ్డాక వస్తుంది కాబట్టి కనబడుతుంది.

సగం గీతలకి బుక్‌ట్యాబ్స్‌లో సీమిడ్‌రూల్ ఉంది. దానికి కుండలీకరణాల్లో ఎల్, ఆర్ అని ఇస్తే గీత రెండు కొసల్లో కాస్త కుదించుకుంటుంది. "రబీ" కింది గీత, "ఎడగారు" కింది గీత అంటుకోకుండా చక్కగా విడిపోతాయి. వర్డ్‌లో ఖాళీ కాలమ్ పెట్టి చేసే పని ఇక్కడ రెండు అక్షరాలతో అయిపోతుంది. అచ్చులో ఈ చిన్న ఎడం చూపే తేడా చాలా ఎక్కువ. రెండు సీజన్లు రెండని కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఒత్తుల కోసం వరుసల ఎత్తుని పెంచే అర్రేస్ట్రెచ్ విలువని 1.3 నుంచి 1.4 దాకా పెంచండి. ఎక్స్‌ట్రారోహైట్ అనే ఇంకో సెట్టింగ్ ఉంది కానీ అది వరుస పైనే చోటు పెంచుతుంది, కింద పెంచదు. మనకి చోటు కావాల్సింది కింద.

పేజీ దాటితే లాంగ్‌టేబుల్ వాడాలి. కాలమ్ వెడల్పులు కుదురుకునే దాకా రెండు మూడు సార్లు కంపైల్ చేయాలి (రాసిన ఫైలుని పీడీఎఫ్‌గా మార్చాలి). మల్టీరో మధ్యలో పేజీ తెగితే మాట ఒక పేజీలో, వరుసలు ఇంకో పేజీలో మిగులుతాయి. వరుస చివర స్టార్ గుర్తు పెట్టి అక్కడ పేజీ తెగకుండా ఆపాలి.

కొత్త దారి: ట్యాబులర్‌రే. జియాన్‌రుయ్ ల్యూ తయారుచేసిన ఈ ప్యాకేజీ 2021లో వచ్చింది. ఇందులో సెట్‌సెల్ అనే ఒక్క కమాండ్‌తో వరుసలూ కాలమ్‌లూ రెండు వైపులా కలపొచ్చు. కలిపిన గడిలో మాట ఎక్కువైతే వరుస ఎత్తు అదే పెంచుకుంటుంది. పొడుగు హెడింగ్ వల్ల పెరిగిన వెడల్పుని చివరి కాలమ్‌కి కాకుండా అన్నిటికీ సమానంగా పంచమని హెచ్‌స్పాన్ సెట్టింగ్‌లో చెప్పొచ్చు. రంగు మాటని కప్పేయడం అనేదే ఉండదు. గీతలు, రంగులు, ఎడాలు అన్నీ పట్టిక మొదట్లో ఒక చోట రాసి పెట్టుకోవచ్చు, కింద అంకెలు శుభ్రంగా ఉంటాయి. బుక్‌ట్యాబ్స్ తరహా గీతలు కావాలంటే దానికో లైబ్రరీ ఉంది.

పేజీ దాటే పట్టికకి ఇందులోనే లాంగ్ రకం ఉంది, రోహెడ్ విలువ 2 అని ఇస్తే రెండు హెడింగ్ వరుసలూ ప్రతి పేజీలో వస్తాయి. పేజీ కింద ఇంగ్లీషులో వచ్చే "కంటిన్యూడ్ ఆన్ నెక్స్ట్ పేజ్" మాటని తెలుగులోకి మార్చుకోవడం మర్చిపోవద్దు. ఒత్తుల కోసం రోసెప్ విలువ (వరుస పైనా కిందా వదిలే చోటు) పెంచండి. మొదట అది 2 పాయింట్లు ఉంటుంది, 3 లేదా 4 అయితే తెలుగుకి హాయిగా ఉంటుంది.

లోటు వేగంలో ఉంది. పట్టికలు ఎక్కువైతే కంపైల్ నెమ్మదిస్తుంది. ఆన్‌లైన్‌లో లేటెక్ నడిపే ఓవర్‌లీఫ్ ఉచిత ఖాతాకి కంపైల్ సమయం మీద పరిమితి ఉంది కాబట్టి పెద్ద థీసిస్‌ని సొంత కంప్యూటర్‌లో టెక్‌లైవ్ (లేటెక్ మొత్తం కట్ట) పెట్టుకుని చేయడం నయం. ఇంకా, కలిపిన గళ్ల చోట్ల ఖాళీ గళ్ల గుర్తులు కూడా రాయాలి. మల్టీకాలమ్ అలవాటున్నవాళ్లు మొదట్లో ఇక్కడ తికమక పడతారు.

మూడో దారి: నైస్‌మేట్రిక్స్. గళ్లన్నిటికీ గీతలు, మధ్యలో రంగులు కావాల్సిన ప్రొఫార్మాలకి ఇది మంచిది. బ్లాక్ కమాండ్‌తో గళ్లు కలిపి, హెచ్‌వీలైన్స్ అని ఒక్క మాట ఇస్తే, కలిపిన గళ్ల లోపల తప్ప మిగతా అన్ని చోట్లా గీతలు గీసేస్తుంది. కానీ ఇది పేజీ దాటదు. మన ఆరు మండలాల పట్టికకి బాగుంటుంది, జిల్లా మొత్తానికి పనికిరాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ట్యాబులర్‌రే. పత్రిక ఇచ్చిన టెంప్లేట్‌లో పేపర్ రాస్తుంటే మాత్రం పాత దారే. కొన్ని పత్రికలు కొత్త ప్యాకేజీల్ని ఒప్పుకోవు, ఫైలు వెనక్కి పంపుతాయి.

## టిప్స్ట్

బెర్లిన్‌లో చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లు, లారెంజ్ మేడ్యా, మార్టిన్ హాగ్, మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. 2023 మార్చిలో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. గళ్లు కలపడం మొదట్లో లేదు, 2024 మార్చిలో వచ్చిన 0.11 వెర్షన్‌తో చేరింది. ఇంటర్నెట్‌లో పాత సలహాలు చదివి "టిప్స్ట్‌లో గళ్లు కలవవు" అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అది నిజం కాదు.

కాల్‌స్పాన్, రోస్పాన్ అని రెండు విలువలు ఇస్తే గడి కలిసిపోతుంది. కలిసిన చోట ఖాళీ గళ్లు రాయనక్కర్లేదు. గీత ఏ కాలమ్ నుంచి ఏ కాలమ్ దాకా రావాలో నేరుగా చెప్పొచ్చు. హెడర్ అని గుర్తు పెడితే ప్రతి పేజీలో అదే వస్తుంది. కంపైల్ వేగం చూస్తే లేటెక్ నుంచి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. అక్షరం కొడుతుంటే పక్కన పేజీ మారిపోతూ ఉంటుంది.

తెలుగు అక్షరాలు సరిగ్గానే కూరుస్తుంది. ఒక్క చోట మాత్రం తెలుగువాళ్లు తప్పకుండా సెట్టింగ్ మార్చాలి. టిప్స్ట్ మామూలుగా అక్షరం కింది అంచుని బేస్‌లైన్ (అక్షరాలు నిలబడే లైను) దగ్గరే లెక్కేస్తుంది. ఒత్తులు బేస్‌లైన్ కింద ఉంటాయి కదా, వాటిని లెక్కలోకే తీసుకోదు. గడి అంచుకి వదిలే 5 పాయింట్ల చోటులోకి అవి దిగిపోతాయి. పట్టిక వరకు టెక్స్ట్ బాటమ్‌ఎడ్జ్ విలువని "డిసెండర్" అని మార్చండి, వరుస ఎత్తు ఒత్తులతో కలిపి లెక్కకి వస్తుంది. ఈ ఒక్క మార్పుతో "విస్తీర్ణం" కింద గీత సరైన దూరానికి జరుగుతుంది.

పట్టికని ఫిగర్ (నంబరు, శీర్షిక ఇచ్చే చట్రం) లోపల పెడితే అది పేజీ దాటదు. దాటాలంటే ఫిగర్ బ్లాక్‌ని విరగనివ్వమని విడిగా చెప్పాలి. పొడుగు పట్టిక పేజీ కింద కనబడకుండా పోయిందంటే కారణం చాలాసార్లు అదే.

ఎక్కడ వెనకబడుతుందంటే, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు. చాలా పత్రికలు ఇప్పటికీ లేటెక్ లేదా వర్డ్ ఫైలే అడుగుతాయి. మన చుట్టుపక్కల టిప్స్ట్ తెలిసినవాళ్లు తక్కువ, చిక్కు వస్తే పక్క టేబుల్ మనిషిని అడిగే వీలుండదు. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే చాలనే పనులకి మాత్రం దీన్ని ధైర్యంగా ఎంచుకోవచ్చు.

## ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్

పుస్తకం, సావనీర్, బ్రోషర్ ప్రెస్సుకి వెళ్లాలంటే ఇన్‌డిజైన్. గళ్లు కలపడం మెనూలో ఉంది, హెడర్ వరుసలు ప్రతి ఫ్రేమ్‌లో తిరిగి వస్తాయి. సెల్ స్టైల్, టేబుల్ స్టైల్ ఒకసారి కట్టుకుంటే పుస్తకమంతా గీతలు ఒకే తీరున ఉంటాయి. యూనికోడ్ తెలుగుకి పేరాగ్రాఫ్ కంపోజర్‌ని (లైన్లు కూర్చే సెట్టింగ్‌ని) వరల్డ్ రెడీ అని మార్చాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ఒక పరిమితి ఉంది: వరుస మధ్యలో విరగదు. మాట ఎక్కువై గడిలో పట్టకపోతే ఎర్ర చుక్క కనబడుతుంది, ఆ చుక్క ఉన్నంతసేపు లోపలి మాట ప్రింట్‌లో రాదు. ప్రెస్సుకి పంపే ముందు ప్రతి పట్టికలో ఎర్ర చుక్కలు వెతకడం అలవాటు చేసుకోండి. ఖర్చు నెలవారీ చందా.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. అనూ ఫాంట్లతో దాన్ని ఇప్పటికీ వాడే డీటీపీ సెంటర్లు మన జిల్లాల్లో ఉన్నాయి, వాళ్ల చేతివేగం గొప్పది. కానీ పేజీలో గళ్లు కలిపే ఏర్పాటు అందులో లేదు. ట్యాబ్‌లు కొట్టి, మీద గీతలు విడిగా గీయాలి. మధ్యలో ఒక మండలం చేరిస్తే కింది గీతలన్నీ జరపాలి. పెళ్లి పత్రికకి, కరపత్రానికి సరే, కలిపిన గళ్లున్న పట్టికకి వద్దు. అనూలో కొట్టింది యూనికోడ్ కాదు కాబట్టి పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా, వెతికినా తెలుగు రాదు.

## ఒక చోట చూస్తే

| విషయం | వర్డ్ | లేటెక్ పాత దారి | ట్యాబులర్‌రే | టిప్స్ట్ | ఇన్‌డిజైన్ |
|---|---|---|---|---|---|
| గళ్లు కలపడం | మౌస్‌తో, సులువు | రెండు వేరు కమాండ్లు | ఒకే కమాండ్ | రెండు విలువలు | మెనూ నుంచి |
| కలిపిన గడిలో మాట పెరిగితే | వరుస పెరుగుతుంది | కింది గడి మీద పడుతుంది | వరుస పెరుగుతుంది | వరుస పెరుగుతుంది | పెరుగుతుంది, ఎత్తు బిగిస్తే ఎర్ర చుక్క |
| ఎడం ఉన్న సగం గీతలు | ఖాళీ కాలమ్ కావాలి | చాలా బాగా | చాలా బాగా | కాస్త శ్రమ | కాస్త శ్రమ |
| పేజీ దాటితే హెడింగ్ | వస్తుంది, సెట్టింగ్ చూడాలి | లాంగ్‌టేబుల్‌తో | వస్తుంది | వస్తుంది | వస్తుంది |
| ఒత్తుల కోసం మార్చాల్సింది | వరుస ఎత్తు "ఎట్ లీస్ట్" | అర్రేస్ట్రెచ్ | రోసెప్ | బాటమ్‌ఎడ్జ్ | కంపోజర్, గడి లోపలి చోటు |
| ఇంకొకరు దిద్దడం | అందరికీ తెలుసు | లేటెక్ తెలిసినవాళ్లు | కొందరే | చాలా కొందరు | డీటీపీవాళ్లు |
| ఖర్చు | కొనాలి | ఉచితం | ఉచితం | ఉచితం | చందా |

## ఎవరికి ఏది

సామాజిక శాస్త్రాల్లోనో, తెలుగులోనో థీసిస్ రాస్తూ గైడ్ ట్రాక్ ఛేంజెస్‌తో దిద్దుతుంటే వర్డ్‌లోనే ఉండండి. లేటెక్ నేర్చుకునే సమయాన్ని పరిశోధనకి పెట్టడం న్యాయం. మొదటి పట్టిక వేసినప్పుడే సొంతంగా ఒక టేబుల్ స్టైల్ తయారుచేసుకుని మిగతా వాటికి అదే వాడండి. వరుసల వైపు కలపడం మానేసి ఉపశీర్షిక వరుసలు పెడితే సగం బాధ తగ్గుతుంది.

గణితం, ఫిజిక్స్, ఇంజినీరింగ్ అయితే లేటెక్. థీసిస్‌కి ట్యాబులర్‌రే, పత్రికకి పంపే పేపర్‌కి బుక్‌ట్యాబ్స్, మల్టీరో. ఒకే పట్టిక రెండు చోట్లా వాడాల్సి వస్తుందని ముందే తెలిస్తే మొదటి నుంచీ పాత దారిలోనే రాయండి, తిరగరాసే పని తప్పుతుంది.

రొయ్యల చెరువుల దగ్గర ల్యాబ్ నడిపేవాళ్లు రోజూ ఒకే నమూనా రిపోర్టు ఇస్తారు: చెరువు నంబరు, ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా, ఒక్కోదాని కింద ఉదయం, సాయంత్రం. అంకెలు మాత్రమే మారతాయి. ఇలాంటి పనికి టిప్స్ట్ ఎంతో అనువైనది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన అంకెల ఫైలు) తీసి టిప్స్ట్‌కి ఇస్తే హెడింగులు కలిపిన పట్టిక అదే వేసుకుంటుంది. ఒకసారి నమూనా కట్టడానికి కంప్యూటర్ తెలిసిన కుర్రాడు చాలు, ఆ తర్వాత ల్యాబ్‌లో ఎవరైనా నడపొచ్చు.

గ్రానైట్ రేట్ల పట్టిక వేరు కథ. రాయి రంగు కింద పలకల మందాలు, వాటి కింద పాలిష్ రకాలు, అన్నీ కలిపిన గళ్లే. కానీ కొనేవాళ్లతో మాట్లాడాక ఆఫీసులో అప్పటికప్పుడు రేటు మారుస్తారు. కాబట్టి ఆ ఆఫీసులో అందరికీ వచ్చిన వర్డే సరి.

డీటీపీ సెంటర్‌వాళ్లకి: పుస్తకాల పని వస్తుంటే ఇన్‌డిజైన్, యూనికోడ్‌కి మారండి. కస్టమర్ వర్డ్ ఫైలు తెస్తే అందులోని కలిపిన గళ్లు ఇన్‌డిజైన్‌లోకి అలాగే వస్తాయి, మళ్లీ కొట్టే పని ఉండదు.

## ప్రింట్‌కి ముందు

గీతల మందం ఏ పనిముట్టుకైనా చూడాలి. బుక్‌ట్యాబ్స్‌లో 10 పాయింట్ల అక్షరానికి పై, కింది గీతలు సుమారు 0.8 పాయింట్లు, మధ్య గీత 0.5, సీమిడ్‌రూల్ 0.3 వస్తాయి. ఆఫ్‌సెట్‌లో 0.3 చక్కగా పడుతుంది. థీసిస్‌ని లేజర్ ప్రింట్ తీసి దాన్ని నాలుగైదు కాపీలు జిరాక్స్ చేయించేటప్పుడు ఆ గీత అక్కడక్కడా ఎగిరిపోతుంది. సీమిడ్‌రూల్‌విడ్త్‌ని 0.5 పాయింట్లకి పెంచండి. వర్డ్‌లో అర పాయింటు గీత తీసుకోండి, పావు పాయింటు వద్దు. ఇన్‌డిజైన్‌లో హెయిర్‌లైన్ లాంటివి వాడొద్దు.

అంకెల కాలమ్‌లని కుడి వైపుకి సర్దండి, లక్షల కామాలు మీరే కొట్టండి. పుట్టి గమనికని చివరి వరుసలో ఆరు కాలమ్‌లూ కలిపిన గడిలో పెడితే పట్టికతోనే ఉంటుంది, వేరే పేజీకి పోదు. "డెల్టా" లాంటి మాటని నిలువుగా తిప్పి పెట్టమని అడిగేవాళ్లుంటారు. తెలుగు అలా తిప్పితే చదవడం కష్టం, ఒత్తులు పక్క కాలమ్ గీతకి తగులుతాయి. కాలమ్ కాస్త వెడల్పు చేయండి చాలు.

మొత్తం థీసిస్ ప్రింట్ ఇచ్చే ముందు అన్నిటికంటే ఇరుకైన పట్టిక ఉన్న పేజీని ఒక్కదాన్ని ప్రింట్ తీసి, దాన్ని జిరాక్స్ తీయించి చూడండి. ఒత్తులు విడిగా కనబడి, సన్న గీతలు తెగకుండా ఉంటే మిగతా పేజీలు ఇచ్చేయొచ్చు.